మడతలక్క నడుం

"ఏదీ, వంగు చూద్దాం" అన్నాడు సూపర్‌వైజర్.

పొద్దున ఆరు గంటల షిఫ్టు. లాండ్రీ హాల్లో నలభైమంది పనివాళ్లు హాజరు కోసం వరసగా నిలబడి ఉన్నారు. అందులోంచి ఒక్కర్తిని ముందుకు పిలిచాడు. ఆమె చేతిలో డాక్టరు రాసిచ్చిన చీటీ ఉంది. నడుం పట్టేసింది, కొన్నాళ్లు బరువులు ఎత్తించవద్దు అని అందులో రాసి ఉంది. సూపర్‌వైజర్ దాన్ని చదవలేదు. చదివితే నమ్మాల్సి వస్తుందని కొందరికి కాగితాలంటే భయం. చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని నేల చూపించాడు.

ఆమె వంగింది.

వంగకపోతే ఉద్యోగం పోతుందేమోనని వంగింది. రెండు రోజుల కిందట తడి దుప్పట్ల బుట్ట ఎత్తుతుండగా, నడుంలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయి అక్కడే చతికిలబడిన మనిషి, ఇప్పుడు పళ్ల బిగువున వంగి వేలికొసలు నేలకు తాకించింది. పంతొమ్మిదేళ్లుగా చెప్పింది చెప్పినట్టు చేసిన ఒళ్లు ఆవేళ కూడా చెప్పినట్టే విన్నది. అదే కొంప ముంచింది.

"చూశారా? నడుం నొప్పట! నొప్పున్నవాళ్లు ఇంత బాగా వంగుతారా? మన లాండ్రీలో ఇంత పెద్ద నటి ఉందని ఇన్నాళ్లూ నాకు తెలియనేలేదు."

వరసలో కొందరు నవ్వారు. నవ్వక తప్పనివాళ్లే నవ్వారు. అయినా నవ్వు ఎవరిదైనా చెవిలో ఒక్కలాగే పడుతుంది.

తీర్పు కూడా అక్కడే అయిపోయింది. రెండు నెలలు చినుగుల గదిలో కూర్చోవాలి. తర్వాత ఒక రోజు మడతల బల్ల దగ్గరికి వచ్చి, మునుపటిలా బుట్ట ఎత్తి, షిఫ్టంతా నిలబడి పని చేసి చూపించాలి. చూపిస్తే చోటు ఆమెది. లేకపోతే బయట ఆ చోటు కోసం ఎదురుచూసేవాళ్లు బోలెడుమంది.

ఆమెను లాండ్రీలో అందరూ మడతలక్క అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప మరెక్కడా వినపడదు. ఊళ్లోని ఆస్పత్రులకీ హోటళ్లకీ దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. అక్కడ మడత పెట్టడం ఒక విద్య. మడతలక్క మడిచిన దుప్పటిని నర్సు ఒక కొస పట్టుకుని విదిలిస్తే చాలు, మంచం మీద దానంతటదే పరుచుకుంటుంది. కళ్లు మూసుకుని కూడా అంచుకు అంచు కలిపేస్తుంది. లోకంలో ఆమె గొప్పగా చెప్పుకోగలిగిన ఒకే ఒక్క సంగతి అది. దాని మీద దెబ్బ పడింది.

చినుగుల గదికి కిటికీ లేదు. చినిగిన దుప్పట్లలో కుట్టుకు పనికొచ్చేవి ఒక పక్క, నేల తుడవడానికి పనికొచ్చేవి ఒక పక్క వేరు చెయ్యాలి. కూర్చోవడానికి జానెడు ఎత్తు పీట. నడుం నొప్పి ఉన్న మనిషిని ఏ చోట కూర్చోబెట్టకూడదో వెతికి వెతికి అక్కడే కూర్చోబెట్టారు. సాయంత్రానికి ఆమె లేవాలంటే గోడ పట్టుకుని, ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది, ఆ తర్వాత మిగతా మనిషి లేవాల్సి వచ్చేది.

ఆమె జోడీలో రెండో మనిషికి చిలక అని పేరు. లాండ్రీలో ఇద్దరిద్దరు కలిసి పనిచేస్తారు, ఆ జంటను జోడీ అంటారు. చిలక వయసులో పదిహేనేళ్లు చిన్నది. నోరు మూయించడం ఎవరి తరమూ కాదు, ఒక్క సూపర్‌వైజర్ తరమైంది. టీ వేళ చినుగుల గది గుమ్మంలో నిలబడి, "అక్కా, ఆ నొప్పి మాత్రలు మింగి మింగి నీ కడుపు మందుల షాపయిపోతుంది. పెద్దాస్పత్రిలో వ్యాయామం చేయించే డాక్టరమ్మ ఉందట. వెళ్లు" అంది.

"వ్యాయామమా? పొద్దస్తమానం నేను చేసేదేంటే మరి?"

"అది గొడ్డుచాకిరీ అక్కా. ఇది వ్యాయామం. రెంటికీ చాలా తేడా ఉందిట."

వెళ్లింది. పరీక్ష గదిలో మంచం మీద పరిచిన దుప్పటి చూడగానే తమ లాండ్రీదేనని గుర్తుపట్టింది. అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. తన చోట్లో ఎవరు నిలబడ్డారోగాని చెయ్యి తిరగలేదు, అనుకుంది. అంత నొప్పిలోనూ ఆమెకు కాస్త సంతోషం కలిగింది.

డాక్టరమ్మ పాతికేళ్ల పిల్ల. మోకాళ్ల మీద చిన్న సుత్తితో తట్టింది, అరికాళ్లు గీకింది, కాళ్లలోకి జివ్వున లాగుతోందా, తిమ్మిరి ఎక్కుతోందా, బాత్రూముకు వెళ్లడంలో ఇబ్బంది ఉందా అని ఒక్కొక్కటే అడిగింది. పంతొమ్మిదేళ్లలో ఆ నడుం గురించి అన్ని ప్రశ్నలు అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే.

"ఎముకకు ఏమీ కాలేదమ్మా. పొట్ట చుట్టూ, వెన్ను పక్కనా లోపలెక్కడో కండరాలు ఉంటాయి. పట్టీలాగా నడుమును పట్టుకుని ఉండాలి. మీకు అవి నిద్రపోయాయి. లేపాలి."

"ఇంత చాకిరీ చేసిన ఒళ్లు నిద్రపోయిందంటావేంటి తల్లీ!"

"పైవి పని చేశాయి. లోపలివి వాటి చాటున కునుకు తీశాయి."

"మా సూపర్‌వైజర్‌లాగా అన్నమాట."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక రాస్తున్న కలం పక్కన పెట్టింది. తర్వాత నేర్పింది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవాలి. తుంటి ఎముకలకు కాస్త లోపలగా, పొత్తికడుపు మీద వేళ్లు ఆనించుకోవాలి. బొడ్డు కిందిభాగాన్ని మెల్లగా వెన్నువైపు లాక్కుని పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలపాలి. నడుం కదలకూడదు. అంతే. పూటకు పదిసార్లు, రోజుకు రెండు పూటలు.

"ఇంతేనా?" అంది మడతలక్క. తడి బుట్టలు మోసిన మనిషికి అది వైద్యంలా కనిపించలేదు.

ఇంట్లో ముందుగదిలో చాప వేసింది. మంచం మీద కూర్చున్న అత్తగారు ముక్కు మీద వేలేసుకుంది.

"పట్టపగలు కాళ్లు మడిచి వెల్లకిలా పడుకోవడం కూడా వైద్యమేనా? మా రోజుల్లో దీన్ని బద్ధకం అనేవాళ్లు."

బస్సు కండక్టరైన ఆమె మొగుడు డ్యూటీకి వెళుతూ గుమ్మానికి అడ్డంగా పడుకున్న పెళ్లాన్ని దాటుకుని వెళ్లాడు. "కొంచెం లోపలికి జరుగు, లోపలికి" అన్నాడు, అలవాటు చొప్పున.

మూడు వారాలు వేళ తప్పకుండా చేసింది. పొట్ట బిగించేది, పళ్లు బిగించేది, కళ్లు మూసుకుని పది లెక్కపెట్టేది. మొహం ఎర్రబడేది. లేస్తే కళ్లు తిరిగేవి. నడుం మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు, పైగా ఎక్కువైంది. రెండు నెలల్లో సగం కరిగిపోయింది. చినుగుల గదిలో ఒక మధ్యాహ్నం ఆమెకు భయంకరమైన ఆలోచన వచ్చింది. నిజంగానే నటిస్తున్నానా? అందరూ అంటున్నారు కదా, నాకే తెలియకుండా వంకలు పెడుతున్నానా? మనిషిని పడగొట్టాలనుకున్నవాడు అంతదాకా తీసుకొస్తే చాలు, మిగతా పని ఆ మనిషే చేసుకుంటుంది.

ఇక మానేద్దామని చెప్పడానికే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆ పిల్ల ఒప్పుకోలేదు. "ఒక్కసారి నా ముందు చెయ్యండి" అని పడుకోబెట్టి, పొట్ట మీద వేళ్లు పెట్టింది. పొట్ట చెక్కలాగా ఉంది.

"ఊపిరేదమ్మా?"

"బిగబట్టాను."

"నేనెప్పుడు బిగబట్టమన్నాను?"

"పని చేసేటప్పుడు ఊపిరి బిగబట్టరా ఎవరైనా?"

డాక్టరమ్మ ఆమెను లేపి నిలబెట్టి, మంచం మీది దుప్పటి లాగి ఒక కొస ఆమెకు ఇచ్చింది. "మీ పని ఎలా చేస్తారో చూపించండి."

మడతలక్క చూపించింది. ఉతుకు మిషన్లోంచి దుప్పట్లు తాడులా మెలితిరిగి వస్తాయి. జోడీలో చెరొకరు రెండు కొసలు పట్టుకుని ఒక్కసారిగా విదిలించాలి. ఇద్దరి చేతులూ ఒకే క్షణంలో కదలకపోతే దుప్పటి విచ్చుకోదు. ఒకటి, రెండు అనుకుంటే తేలికే. కానీ హాల్లో మాట్లాడకూడదు. మాటలు బంద్, చేతులు కదపండి అని గోడ మీద పెద్ద నోటీసు ఉంది. అందుకని అక్కడి ఆడవాళ్లు వేరే దారి కనిపెట్టుకున్నారు. ఇద్దరూ ఊపిరి పీల్చి బిగబడతారు. ఎదుటిమనిషి భుజాలు పైకి లేచి ఆగడం కనిపిస్తుంది. అదే సైగ. ఆ బిగువులోనే విదిలిస్తారు. కొత్తగా చేరినవాళ్లకు మొదట నేర్పేది ఇదే, ఊపిరి బిగబట్టడం.

"రోజుకి ఎన్ని దుప్పట్లు?"

"జోడీకి ఏడెనిమిది వందలు."

డాక్టరమ్మ ఆ అంకె కాగితం మీద రాసుకుంది. తర్వాత దుప్పటి పక్కన పెట్టి, "ఊపిరి బిగబట్టి పైకండరాలన్నిటినీ కొయ్యబార్చేస్తే, లోపలి పట్టీ లేవాల్సిన అవసరమేముంది? మీరు వ్యాయామం చెయ్యలేదమ్మా. మూడు వారాలు దుప్పట్లు విదిలించారు. ఇక నుంచి మాట్లాడుతూ చెయ్యండి. మాట ఆగిందంటే ఊపిరి ఆగినట్టు. వదిలేసి మళ్లీ మొదలుపెట్టాలి" అంది.

"ఏం మాట్లాడను?"

"మీ ఇష్టం. ఏమీ తోచకపోతే ఎవర్నైనా తిట్టండి."

ఆ సాయంత్రం ముందుగదిలో కొత్త వైద్యం మొదలైంది. మడతలక్క చాప మీద పడుకుని, బొడ్డు కిందిభాగాన్ని మెల్లగా లాక్కుని, సూపర్‌వైజర్‌ను అందుకుంది. "నా చీటీ చదవకుండా జేబులో వేసుకుంటావా? నీ జేబు తగలెయ్య! నలభైమందిలో వంగమంటావా? నీ కాళ్లకున్న బూట్ల తాళ్లు నువ్వు వంగి కట్టుకోగలవా, కుండపొట్ట వెధవా?"

మంచం మీద అత్తగారు ఉలిక్కిపడి కూర్చుంది. "ఎవర్నే? నన్నా?"

"నిన్ను కాదత్తా. మా సూపర్‌వైజర్ని."

"అయితే కానీ" అని ముసలావిడ సర్దుకుని దిండుకు ఆనుకుంది. రెండు నిమిషాలయ్యాక, "తిట్టడం ఆపేశావు. ఊపిరి బిగబట్టావు కదూ? మళ్లీ మొదలెట్టు. బూట్ల దగ్గరున్నావు" అని అందించింది.

వారం తిరిగేసరికి సూపర్‌వైజర్ మీద తిట్లు అయిపోయాయి. తర్వాత ఇంటివాళ్ల వంతు వచ్చింది. పెళ్లైన కొత్తలో తనకు చెప్పకుండా తన పెట్టె తెరిచి సర్దిన సంగతి మడతలక్క అత్తగారిని అడిగేసింది, ఒక కాలి మడమను చాప మీద మెల్లగా ముందుకు జారుస్తూ. ఆవిడ దిండు సవరించుకుంది. "ఇరవై రెండేళ్లయింది. ఇంకా గుర్తుందా?" అంది. "గుర్తుంది." "సర్లే. రెండో కాలు కానియ్." అంతకుమించి క్షమాపణ ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పుకుని ఎరగరు. మడతలక్కకు అది చాలింది.

అయిదో వారంలో చేతుల మీదా మోకాళ్ల మీదా నిలబడి, కుడిచెయ్యీ ఎడమకాలూ ఒకేసారి చాపడం నేర్పారు. నడుం ఒరిగిపోకుండా చూసుకోవడానికి వీపు మీద అడ్డంగా చీపురు పెట్టుకోమంది డాక్టరమ్మ. చీపురు పడితే లెక్కలోకి రాదు. మొదటి రోజు పదికి తొమ్మిదిసార్లు పడింది. అత్తగారు మంచం దిగి వచ్చి, చీపురు తీసి పెట్టడమే పనిగా పెట్టుకుంది. మొగుడు ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి ఆ దృశ్యం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటే ఇది? గుర్రమాటా?"

"మాట్లాడించకు, కాదు, మాట్లాడించు" అంది మడతలక్క, చెయ్యి చాపి ఉంచి. "ఇవాళ బస్సులో ఏమైందో చెప్పు. నేను అడుగుతుంటా."

ఆ ఇంట్లో మొగుడు తన రోజు ఎలా గడిచిందో చెప్పడం అదే మొదలు. చీపురు పడలేదు.

నొప్పి ఒక్కసారిగా మాయం కాలేదు. కథల్లో అయితే అవుతుంది. ఇక్కడ ఒక రోజు తగ్గి రెండు రోజులు పెరిగేది, మళ్లీ మూడు రోజులు తగ్గేది. కానీ ఆరో వారంలో ఒక సాయంత్రం చినుగుల గదిలో పీట మీద నుంచి లేచి తలుపు దాకా వచ్చాక ఆమెకు గుర్తొచ్చింది, గోడ పట్టుకోలేదని. మళ్లీ వెనక్కి వెళ్లి, కూర్చుని, లేచి చూసుకుంది. పట్టుకోనక్కర్లేదు. నేను నటించలేదు, అనుకుంది. నొప్పి తగ్గినప్పుడు గాని నొప్పి నిజమని ఆమెకు రుజువు కాలేదు.

అదే వారం ఆదివారం పొద్దున ఆమె చాప వేస్తుంటే, పక్కన ఇంకో చాప పరిచి ఉంది. అత్తగారు ఒక చెయ్యి మంచానికి ఆనించి మెల్లగా కిందికి దిగుతోంది.

"నీకెందుకత్తా?"

"ముప్పై ఏళ్లుగా నాకూ ఉంది ఈ నడుం" అంది ముసలావిడ. "ఎవరడిగారు చెప్పడానికి?"

చూపించాల్సిన రోజు రానే వచ్చింది. పెద్దాస్పత్రి నుంచి మడతలక్క బరువు ఎత్తే పద్ధతి కూడా నేర్చుకుని వచ్చింది. వీపు గుండ్రంగా వంచకుండా తుంటి దగ్గర మడిచి కిందికి దిగాలి, బరువును ఒంటికి దగ్గరగా తెచ్చుకోవాలి, ఊపిరి వదులుతూ లేవాలి. చిలక ముందు రోజు సాయంత్రం ఇంటికి వచ్చి, ఖాళీ బుట్టలో అత్తగారి దిళ్లు వేసి నలభైసార్లు మడతలక్కతో కలిసి ఎత్తి దించింది.

సూపర్‌వైజర్ చేతులు వెనక్కి కట్టుకుని బల్ల పక్కనే నిలబడ్డాడు. నేల మీద తడి బుట్ట ఉంది. రెండు పక్కలా రెండు పిడులు. హాలంతా పని చేస్తున్నట్టే ఉంది, చూపులన్నీ ఇటే.

మడతలక్క పిడి పట్టుకుంది. అటు చిలక. ఎదురుగా చిలక భుజాలు అలవాటుగా పైకి లేచి ఆగాయి. తన గుండెలోనూ ఊపిరి బిగుసుకుంటోంది. పంతొమ్మిదేళ్ల అలవాటు ఒక్క చూపుతో పిలిస్తే వచ్చేసింది. నడుంలో పాత చోట చురుక్కుమంది. ఆమె పిడి వదిలేసింది.

"ఏమైంది? అయిపోయిందా?" అన్నాడు సూపర్‌వైజర్.

ఆమె నిటారుగా నిలబడి, ఊపిరి పూర్తిగా వదిలింది. మళ్లీ పట్టుకుంది. "చిలకా, నా మాట విని ఎత్తు. ఒకటి" అంది, అందరికీ వినపడేలా. "రెండు."

"నోటీసు చూళ్లేదా? నోరు ముయ్యండి!"

చాప మీద పడుకుని ఆయనకోసం తయారు చేసుకున్న తిట్లన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. వాటిలో ఒక్కటీ ఆమె అనలేదు.

"నోరు మూస్తే ఎత్తలేను సార్. తెరిస్తే ఎత్తగలను. మీకు బుట్ట కావాలా, నోటీసు కావాలా?"

ఆయన నోటీసు వంక చూశాడు, బుట్ట వంక చూశాడు. అవుననలేదు, కాదనలేదు. అలాంటి మనుషుల దగ్గర అదే పెద్ద అనుమతి.

"మూడు" అంది మడతలక్క. బుట్ట లేచి బల్ల మీదికి వచ్చింది.

ఆ రోజంతా లెక్కపెడుతూనే ఉన్నారు. ఒకటి, రెండు, విదిలించు. ఒకటి, రెండు, విదిలించు. కాసేపటికి చిలక అంకెల మధ్యలో పక్కింటి కబుర్లు దూర్చడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం మూడింటికి నడుం మెల్లగా సణగసాగింది. టీ వేళ మడతలక్క బల్ల వెనక నేల మీద పడుకుంది, చిలక దుప్పటి తెరలాగా పట్టుకుని కాపలా నిలబడింది. పది నిమిషాలయ్యాక లేచి మళ్లీ బల్ల దగ్గరికి వచ్చింది. షిఫ్టు అయ్యేసరికి వాళ్ల దొంతర అందరికన్నా పెద్దదేమీ కాదు. కానీ అంచులు గీత గీసినట్టున్నాయి.

"రేపటి నుంచి ఇక్కడే" అన్నాడు సూపర్‌వైజర్, ఆమె మొహం చూడకుండా. పొరపాటయిందనలేదు. ఆ మాట ఆయన కోటలో ఏ గోడ మీదా రాసిలేదు.

నోటీసు కూడా ఎవరూ తీసెయ్యలేదు. కానీ పక్క బల్ల దగ్గర జోడీ మర్నాటి నుంచే ఒకటి, రెండు అనడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆ పక్క బల్ల. అంకెల వెనకే మాటలు వచ్చాయి, మాటల వెనకే నవ్వులు. అడిగితే, "నడుం కోసం సార్" అనేవాళ్లు. ఆదివారం పొద్దున మడతలక్క ముందుగదిలో చాపలు అయిదయ్యాయి, తర్వాత తొమ్మిది. మొగుడు బయట మెట్ల మీదికి మారాడు. మంచం మీద అత్తగారు కొత్తవాళ్ల పొట్టలు చూసి, "ఏయ్, నువ్వు మాట్లాడ్డం లేదు" అని గదమాయించేది. ఆ గదిలో ఎవరి ఇంటి గుట్టూ దాగలేదు. నడుములు మాత్రం కొంచెం కొంచెంగా నిలబడ్డాయి.

ఏడాది తర్వాత సూపర్‌వైజర్‌కు ఊరికి అవతల కొత్త లాండ్రీకి బదిలీ అయింది. ఆఖరి రోజు షిఫ్టు వదిలాక ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అందరినీ వెళ్లనిచ్చి, మడతలక్క వచ్చినప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంట్లో ఆవిడకి... ఆరు నెలలుగా నడుం. వంగితే లేవలేకపోతోంది. మొదట్లో నేను..." అని ఆగిపోయాడు. చూపు బూట్ల మీదికి దించుకున్నాడు. "నువ్వేదో చేయిస్తావటగా, ఆదివారాలు."

ఆమె ఆయన్ని కాసేపు చూసింది. అంత దగ్గర నుంచి, అంత తీరిగ్గా, తలెత్తి ఆయన్ని చూడటం అదే మొదటిసారి.

"తీసుకురండి సార్, పొద్దున ఏడింటికల్లా" అంది. "మీరు మాత్రం మా ఆయనతో పాటు మెట్ల మీదే కూర్చోవాలి. ఆవిడ నోరు తెరిచి మాట్లాడాలి కదా."